బాబాయి కింది స్వరం

మా చిన్నబాబాయి కాకినాడ ఆసుపత్రిలో పోయారని పోయిన వారం కబురొచ్చింది. కామెర్లు. నలభై అయిదు కూడా నిండలేదు. ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవారంటే అమలాపురంలో చాలామందికి గుర్తు రాకపోవచ్చు. "స్టేజీ మీద చివర నిలబడే పొడుగాయన" అంటే మాత్రం, "ఆయ్, ఆయనా!" అంటారు.

మామూలు గిటారుకి ఆరు తీగలు. బేస్‌కి నాలుగే, లావుపాటివి. పాట అడుగున నడిచే బరువైన మోత దానిది. అది ఉన్నంతసేపూ ఎవరూ పట్టించుకోరు. పెళ్లిళ్లలో పెద్దవాళ్లు దగ్గరికొచ్చి చూసి, "రెండు తీగలు తెగిపోయేయేంటండీ?" అని జాలిపడేవారు.

"ఆయ్. ఉన్నవాటితో లాక్కొస్తున్నానండీ" అనేవారు బాబాయి, నవ్వకుండా.

విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో ఆయన ఒక హోటల్లో రాక్ సంగీతం వాయించే బృందంలో చేరారు. తోటివాళ్లు మెరిసే ఎర్ర గిటార్లు కొనుక్కుంటే, ఈయన ఓడ దిగిన నావికుడొకరి దగ్గర పాత బేస్ తీసుకున్నారు. రంగు లేచిపోయింది, పనసకాయంత బరువు. "తేలిక చెక్క గబగబా మాట్లాడేసి ఊరుకుంటుందమ్మా. ఇది అన్న మాట మీద కాసేపు నిలబడుతుంది" అని నాకు చెప్పేవారు. మీటడానికి ప్లాస్టిక్ బిళ్ల వాడేవారు కాదు. రెండు వేళ్లు చాలు. నాలుగు స్వరాలు పట్టే చోట రెండే వేసి ఆగేవారు.

తీగలు మద్రాసు నుంచి రావాలి. పాతవి జిడ్డుపట్టి మూగబోతే విప్పి నీళ్లలో మరిగించేవారు, మళ్లీ పలికేవి. అందుకని మా అమ్మ ఒక సొట్టగిన్నె విడిగా ఉంచింది.

"ఏమయ్యా, నీ చారు మరిగింది, దింపుకో!"

"పోపు పెట్టేరా వదినా?"

సాయంత్రాలు రేడియోలో ఇంగ్లీషు పాటలు వినేవారు. కాన్వెంటులో చదువుతున్నాను కదా అని నేను మాటలు పట్టుకోబోతే, "మాటలొదిలెయ్. కింద ఎవరో నడుస్తున్నారు, ఆ అడుగులు విను" అనేవారు. ఎవరి దగ్గర నేర్చుకున్నారని ఒకసారి అడిగాను. "సగం ఈ రేడియో దగ్గర. సగం మీ తాతయ్యగారి దగ్గర" అన్నారు. హాస్యమాడారనుకున్నాను. నేను ఎక్కడికెళ్లినా వెనక వరసలో కూర్చునే మనిషిని. వెనక ఉన్నవాళ్లకీ పని ఉంటుందని ఆయన్ని చూసే తెలుసుకున్నాను.

తాతయ్యగారు వేదపండితులు. బాబాయికి చిన్నప్పుడు తానే వేదం చెప్పారు. ఆ కొడుకు చదువయ్యాక గిటారుతో ఇంటికొస్తే, "ఇంట్లో ఉండు. అది మాత్రం నా చెవిన పడనీకు" అన్నారు. బాబాయి ఆ మాట తప్పలేదు. ఏళ్ల తరబడి పెరటి అరుగు మీద కరెంటు తగిలించకుండానే సాధన చేశారు. కరెంటు లేని బేస్ పక్కగదికైనా వినపడదు. మా అమ్మతో మాత్రం అన్నారు: "ఒక్క పాట, వదినా. నాన్నగారికి నచ్చక్కర్లేదు. లేచిపోకుండా వింటే చాలు."

రాజోలులో మా బంధువుల పెళ్లి జరిగింది. సాయంత్రం పందిట్లో బాబాయి వాళ్ల ఆర్కెస్ట్రా. పాడేవాళ్లు లేకుండా ఏదో ఇంగ్లీషు వరస ఎత్తుకున్నారు. తాతయ్యగారు వెంటనే గొడుగు అందుకుని లేచారు. "పద అమ్మాయీ, విడిదికి పోదాం."

పక్క కుర్చీ ఆయన పకపకా నవ్వారు. "ఆ చివరాయన్ని చూడండి, నిలబడే నిద్రపోతున్నాడండీ! తల తూలిపోతోంది!"

తాతయ్యగారు వెనక్కి తిరిగారు. బాబాయి కళ్లు మూసుకుని ఉన్నారు. మోత కిందికి దిగినప్పుడు తల వంగుతోంది, ఎక్కినప్పుడు లేస్తోంది. ఇదే మా వీధరుగు మీద రోజూ చూసేదాన్ని. వేదం చెప్పేటప్పుడు తాతయ్యగారు పిల్లల తల పట్టుకుని, స్వరం దిగేచోట వంచేవారు, ఎక్కేచోట ఎత్తేవారు. బాబాయి రాక్ పాటని అలా వాయిస్తున్నారు. ఆయనకి ఆ సంగతి తెలుసో లేదో.

"నిద్ర కాదండీ, స్వరం దిగుతోంది" అన్నారు తాతయ్యగారు. ఆ తరవాత నాకు మాత్రమే వినపడేలా, "ఆ తల వంచిన చెయ్యి నాదే" అన్నారు. గొడుగు పట్టుకుని, పాట అయ్యేదాకా అలాగే నిలబడ్డారు.

మర్నాడు పంటు మీద గోదావరి వైనతేయ పాయ దాటుతూ బాబాయి దగ్గర తాతయ్యగారి సంగతి ఎత్తాను. బాబాయి వాయిస్తున్నంతసేపూ కళ్లు తెరవనే లేదుగా.

"లేచిపోయేరా?"

"లేచేరు బాబాయ్. వెళ్లలేదు."

"పాటంతా విన్నారా?"

"ఆయ్."

బాబాయి కమ్మీ దగ్గరికెళ్లి నీళ్లకేసి చూస్తూ నిలబడ్డారు. తాతయ్యగారు కూర్చున్న బల్లకి ఆనించిన బేస్ పెట్టె, పంటు ఇంజను అదురుకి మెల్లగా జారడం మొదలుపెట్టింది. నేను లేచేలోపే తాతయ్యగారు చెయ్యి చాపి ఆపారు. ఆపాక ఆ చెయ్యి తియ్యలేదు. రేవు వచ్చేదాకా ఆయన అరచేతి కింద ఆ నల్లపెట్టె సన్నగా అదురుతూనే ఉంది.