సువార్తకు వేసిన ఏ గ్రేడు

2003లో నేను భీమవరం దగ్గర, చేపల చెరువుల మధ్యనున్న ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్ని. ఇద్దరం టీచర్లం, ఐదు తరగతులు. మూడు, నాలుగు, ఐదు నావి. ఆ ఏడు మండలంలోని బడులన్నిటికీ తెలుగు చదవడంలోనూ లెక్కల్లోనూ ఒకే రకం పరీక్ష పెట్టి, ప్రతి పిల్లకూ ఏ, బి, సి గ్రేడులు వేయమన్నారు. పరీక్ష పెట్టేది, గ్రేడు వేసేది మేమే. ఆ గ్రేడుల్లో ఒకటి ఒక పిల్ల కళ్లకు చేసిన చెరుపు గురించి రాస్తున్నాను.

పిల్ల పేరు సువార్త. మూడో తరగతి. తల్లి ఎస్తేరు రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లేది. చర్చిలో ఆదివారం బడి పిల్లలు బైబిలు వాక్యాలు కంఠతా చెప్పాలి. అందులో సువార్తను మించినవాళ్లు లేరు. మా బడిలో కూడా చదవడమంటే అప్పట్లో అదే. నేనొక వాక్యం అనేవాణ్ణి, పిల్లలంతా ఒక్క గొంతుతో అనేవారు. మూడు తరగతులు ఒక్కడే చూసుకోవాలంటే అదే దారి అనుకునేవాణ్ణి.

చదివే పరీక్షకు వాచకంలోంచి ఒక పాఠం పేరు చెప్పి, పుస్తకం తీసి ఇచ్చాను. సువార్త పుస్తకం ముందు పెట్టుకుని ఎక్కడా తడబడకుండా చెప్పేసింది. ఏ వేశాను. లెక్కలు బోర్డు మీద రాశాను. అందులో మాత్రం అన్నీ తప్పులే. దగ్గరికి పిలిచి చూస్తే, బోర్డు మీద 58 ఉంటే పలక మీద 53 ఉంది. తీసివేత మాత్రం సరిగ్గానే చేసింది.

"ఎక్కించేటప్పుడు బుర్ర ఎక్కడ పెట్టావే? చెరువు గట్టు మీదా?" అన్నాను.

పిల్లలు నవ్వారు. తనూ నవ్వింది. అవే లెక్కలు నోటితో అడిగితే టకటకా చెప్పింది. తెలివైన పిల్ల, అశ్రద్ధ అనుకుని లెక్కల్లోనూ ఏ వేశాను. దయ చూపించానని కూడా అనుకున్నాను.

చుట్టుపక్కల బడుల టీచర్లం నెలకోసారి కూర్చునే కాంప్లెక్స్ మీటింగులో మా బడి ఫలితాలు చదివి చప్పట్లు కొట్టించారు. నేను లేచి నిలబడి నమస్కారం పెట్టాను.

ఆ వారంలోనే ఎస్తేరు బడికి వచ్చింది.

"మేస్టారండీ, మా పిల్ల కళ్లు చికిలించి చూత్తందండి. పని మానేసి భీమవరం తీసుకెళ్లి సూపించమంటారా?"

"నీ కూతురికి రెండింట్లోనూ ఏ వచ్చిందమ్మా. కళ్లు కనపడని పిల్ల అలా చదువుతుందా? టీవీ చూడనివ్వకు, అదే పోతుంది."

"మా ఇంట్లో టీవీ ఎక్కడిదండీ," అని నవ్వి, నెమ్మదిపడి వెళ్లిపోయింది.

సువార్త ఐదో తరగతిలోకి వచ్చాక మళ్లీ పరీక్ష పెట్టారు. ఈసారి వేరే మండలం నుంచి ఒక మేడమ్ గారు వచ్చారు. వాచకంలో లేని కొత్త కథ అచ్చువేసిన కార్డులు తెచ్చారు. నేను గర్వంగా ముందు సువార్తనే పిలిచాను. పిల్ల కార్డు పట్టుకుని మూడో తరగతి పాఠం మొదలుపెట్టింది.

"ఇది కాదమ్మా, కార్డు మీదున్నది చదువు."

సువార్త కొంచెం ఆగి ఇంకో పాఠం అందుకుంది. తరగతంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. వరండాలోకి లాక్కెళ్లి చెవి మెలేశాను.

"నా పరువు తీయడానికే వచ్చావా?"

"ఏ పాఠమో చెప్పండి మేస్టారూ, చెప్పేత్తాను."

నా చెయ్యి దానంతటదే వదిలేసింది. "కార్డు మీద నీకేం కనపడింది?" అని అడిగాను.

"నల్లగా గీతల్లా ఉంటాయి కదండీ."

"అక్షరాలు కనపడవా?"

"పలక మీద పెద్దగా రాత్తే కనపడతాయండి. పుస్తకంలోయి ఎవరికీ కనపడవు కదండీ. అందరం మీరు చెప్పిందే చెబుతాం కదా."

మర్నాడు తల్లీకూతుళ్లతో కలిసి భీమవరం కంటి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు గారు చాలాసేపు పరీక్షించారు. రెండు కళ్లకూ పుట్టుకతోనే ఎక్కువ పవర్ ఉందన్నారు. చిన్నతనంలో బొమ్మ స్పష్టంగా పడకపోతే కంటిచూపు ఎదగదనీ, వయసు పెరిగేకొద్దీ అద్దాలు పెట్టినా పూర్తిగా రావడం కష్టమనీ చెప్పారు.

"మూడో తరగతిలోనే తెచ్చుంటే చాలా నయమయ్యేది. అప్పుడెవరూ గమనించలేదా?"

ఎస్తేరు గమనించింది. ఆ మాట ఆవిడ అంటుందేమోనని తల వంచుకుని కూర్చున్నాను. ఆవిడ అనలేదు. నేనూ చెప్పలేదు. బయటికి వచ్చాక మాత్రం, "మీకేం తెలుత్తాదండి మేస్టారూ. మీరు చదువు చెప్పేవోరు గాని డాకటేరా," అంది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. నాకు తెలియాల్సినవన్నీ మూడో తరగతి లెక్కల పరీక్ష రోజు పలక మీదే ఉన్నాయి.

అద్దాలు వచ్చాయి. చూపు కొంత మెరుగైంది, అంతే. అచ్చు అక్షరాలు నేర్పడానికి సువార్తను ఒకటో తరగతి పిల్లల పక్కన కూర్చోబెట్టాను. రోజూ బడి వదిలాక నేనూ కూర్చునేవాణ్ణి. ఒక్కో మాట కూడబలుక్కుంటూ చదివేది. కంఠతా చెప్పడం మాత్రం పూర్తిగా మానేసింది. చర్చిలో కూడా చెప్పడం లేదని తల్లి అంది. హైస్కూల్లో పుస్తకాల అచ్చు ఇంకా చిన్నది. ఏడో తరగతి మధ్యలో మానేసి తల్లితో షెడ్డుకు వెళ్లసాగింది. నేను రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాను. రెండోసారి సువార్త లోపలి నుంచి బయటికి రాలేదు.

ఆ తర్వాత నా ఉద్యోగంలో చాలా పరీక్షలు పెట్టాను. జవాబు తప్పయితే ఎందుకు తప్పిందని ఏ టీచరైనా అడుగుతాడు. నేను ఒప్పు జవాబు దగ్గర కూడా ఆగి, "నీకిది ఎలా తెలిసిందమ్మా?" అని అడగడం అలవాటు చేసుకున్నాను. గ్రేడు పిల్ల గురించి కాక నా గురించి మంచిమాట చెబుతుంటే, దాన్ని నమ్మడం మానేశాను.

మూడో తరగతిలో ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సువార్త అప్పుడే చెప్పేసేది. ఆ పిల్ల నా దగ్గర ఏదీ దాచలేదు.