చెక్క విమానానికి పెట్టిన బొత్తాలు

బస్తరు రాజ్యం సర్కారులో కలిసి పన్నెండేళ్లు దాటాక, ఒక ఎండాకాలంలో, సుక్మాకు దక్షిణంగా ఉన్న గనుల సర్వే క్యాంపులో నాకు స్టోర్ అటెండెంటుగా పని దొరికింది. నేను చదివింది మూడో తరగతి. అయినా నన్ను తీసుకోవడానికి కారణం ఉంది. కొంటాలో మా నాయనది ఇనుపసామాన్ల దుకాణం. మరను వేళ్ల మధ్య తిప్పి చూసి దాని సైజు చెప్పడం నాకు చిన్నప్పుడే వచ్చింది. పైగా తెలుగు, హిందీ, హల్బీ, దోర్లీ నాలుగూ మాట్లాడతాను. మా ఆయన పోయి అప్పటికి ఏడాది. పని కావాలి.

క్యాంపుకు ఒక చిన్న విమానం ఉండేది. పెద్ద యుద్ధానికి ముందు తయారైనది. రెక్కలకు గుడ్డ తొడుగు, ముందు ఒకటే ఇంజను. శబరి పొంగి రోడ్డు తెగిపోతే జగదల్‌పూర్‌కు మాకు అదొక్కటే దారి. దాన్ని నడిపేది కెప్టెన్ సాబ్. చూసుకునేది గ్రౌండ్ ఇంజనీరు మూర్తిగారు, కాకినాడవైపు మనిషి. గ్రౌండ్ ఇంజనీరంటే, ఈ విమానం ఎగరడానికి పనికొస్తుందని సంతకం పెట్టే లైసెన్సు ఉన్నవాడు. ఆయన సంతకం లేనిదే కెప్టెన్ కూడా ఎక్కకూడదు.

ఇంజను మీద రేకు మూత ఉంటుంది. రోజూ విప్పి చూడాలి కనక దాన్ని మరలతో బిగించరు. అంచు వెంబడి చిన్న ఉక్కు బిళ్లలుంటాయి. మేం వాటిని బొత్తాలనేవాళ్లం. నెత్తిన గాడి, కింద పొట్టి కాలు. స్క్రూడ్రైవరుతో నొక్కి పావువంతు తిప్పితే కాలు లోపలి స్ప్రింగుకు తగులుకుని బిగుస్తుంది. కాలి పొడవు రేకు మందానికి సరిగ్గా కుదరాలి. గోరంత తేడా ఉన్నా పట్టినట్టే కనపడి గాలిలో వదిలేస్తుంది. బిగించాక బొత్తాం మీంచి రేకు మీదకు నీలిరంగు గీత గీయడం నా పని. గీత విరిగితే బొత్తాం కదిలిందని అర్థం.

ఆ ఏడాది దసరా వెళ్లాక బొత్తాలు ఊడిపోవడం మొదలైంది. విమానం దిగేసరికి ఒకటో రెండో ఉండేవి కావు. ఎడమవైపువే పోయేవి. స్టోరులో ఉన్న కొత్తవి అయిపోయాయి. చేసే కంపెనీ విదేశంలో ఎప్పుడో మూతపడిందట. మూర్తిగారు కలకత్తా పాతసామాన్ల బజారుకు మనిషిని పంపారు, హైదరాబాదుకు రాశారు. వచ్చినవన్నీ కాలు పొడుగువో పొట్టివో. పక్కపక్కన రెండు బొత్తాలు లేకపోతే విమానం లేవకూడదని నియమం. మరుసటి జ్యేష్ఠం వెళ్లేసరికి విమానం షెడ్డులోనే ఉండిపోయింది. వానలు పడ్డాయి. శబరి పొంగింది. అదే వారంలో బోరింగు మిషను కింద పడి సుక్కయ్య అనే కూలీ కాలు నుజ్జయింది. క్యాంపు కాంపౌండరు కట్టు కట్టి, జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి చేర్చకపోతే మనిషి దక్కడని చెప్పేశాడు.

ఆ రోజు సంత. పప్పు కొనడానికి వెళ్లాను. ఇప్పనూనె అమ్మే దోర్ల మనిషి ఒకామె మెడలో పూసలదండ మధ్య ఒక ఉక్కు బిళ్ల మెరిసింది. దగ్గరికెళ్లి చూశాను. నెత్తిన గాడి, గాడికి అడ్డంగా నీలిరంగు. ఆ గీత నేను గీసిందే.

ఆమె పేరు ముత్తమ్మ. ఊరు మా రన్‌వే చివరనుంచి కనపడే పొలాల అవతల. ఇది ఎక్కడిదని అడిగితే, తన మొగుడు బీమయ్యకు దొరికిందని చెప్పింది. ఇంకా ఉన్నాయా అని అడిగాను.

"ఉన్నయక్కా. ఆయనకాడున్నయి" అంది.

"ఆయన ఇంటికాడున్నడా?"

"లేడు. సచ్చిపోయిండు గద, మాఘంల."

మూర్తిగారిని తీసుకుని ఆమె వెంట వెళ్లాను. వాన వెలిసి ఎండ కాస్తోంది. ఊరి బయట చచ్చిపోయినవాళ్ల స్తంభాలున్నాయి. అక్కడివాళ్లు పోయినవాళ్ల గుర్తుగా రాయో కర్రో పాతి, బతికున్నప్పుడు వాళ్లకు ఇష్టమైనవి దాని మీద చెక్కుతారు. ఒకరికి ఎద్దు, ఒకరికి డోలు, ఒకరికి సైకిలు. బీమయ్య స్తంభం మీద టేకుతో చేసిన విమానం ఉంది. ముక్కు మా రన్‌వే వైపు. ఆ ముక్కు చుట్టూ గుంటలు తవ్వి మా బొత్తాలు అదిమి పెట్టారు. వానలో తడిసే ఉక్కుకు తుప్పు పట్టాలి. అవి కొత్త రూపాయల్లా మెరుస్తున్నాయి. ముత్తమ్మ వాటికి రోజూ ఇప్పనూనె రాస్తుందట.

బీమయ్య విమానం ఎక్కలేదు, దగ్గరికి కూడా రాలేదు. విమానం తన పొలం మీదుగా పోయినప్పుడల్లా వెళ్లి వెతికేవాడట, దొరికేవట. పైనుంచి తనకే పంపుతున్నారని చెప్పేవాడట. ఆయన పోయాక పడినవి కూడా ముత్తమ్మ తెచ్చి ఇక్కడే పెట్టింది.

మూర్తిగారు దీనికి కారణం ఉందన్నారు. విమానం లేచాక ఇంజను పూర్తి వేగం తగ్గించేది సరిగ్గా ఆ పొలం మీదే. వేగం మారేటప్పుడు ఇంజను ఒక్క క్షణం గట్టిగా అదురుతుంది. వదులైన బొత్తాం అప్పుడే ఊడుతుంది. నాకు సబబుగానే తోచింది. కాని అంత ఎత్తునుంచి పడిన గోరంత బిళ్ల దున్నిన చేలో ఎలా దొరుకుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

చెక్క విమానం ముక్కు మీద ఎడమవైపు కింద ఒక గుంట ఖాళీగా ఉంది. మెడలోది అక్కడిదా అని అడిగాను. కాదంది.

"అది ఇంక రాలే. ఆయన పోకముందే చెప్పిండు, ఒకటి రావాలె అని."

మూర్తిగారు నవ్వారు. బొత్తాలు కావాలని, ఒక మనిషి ప్రాణం మీదకొచ్చిందని ఆమెకు విడమరచి చెప్పాను. ఉప్పు, పొగాకు ఇస్తానన్నాను. ఆమె బేరమాడలేదు. తనే కొడవలి మొనతో ఒక్కొక్కటీ పెకలించి నా కొంగులో వేసింది. మెడలోది కూడా తెంపి ఇచ్చింది.

"తీస్కపోండ్రి. ఆయనకు కావాల్నంటే మల్ల తెప్పిచ్చుకుంటడు."

ఆ మాటలో కోపం లేదు, ఏడుపు లేదు. బొత్తాలు పోయిన ఆ చెక్క ముక్కు నిండా కన్నాలే. నేను అటు చూడకుండా వచ్చేశాను.

స్టోరు నియమం ప్రకారం, ఒకసారి విమానం నుంచి పడిపోయిన వస్తువుకు ఎర్ర చీటీ కట్టి విడిగా పెట్టాలి. తిరిగి బిగించకూడదు. నేను ఆ మాట అన్నాను. మూర్తిగారికి తెలియక కాదు. సుక్కయ్య అరుపులు షెడ్డుదాకా వినపడుతున్నాయి. ఇవి బజారువి కావనీ, ఈ విమానానివేననీ, కాలి పొడవు సరిపోతుందనీ ఆయన అన్నారు. పెట్రోలుతో కడిగాం. కింద స్ప్రింగులు మార్చాం. ఒక్కొక్కటీ లాగి చూస్తే గట్టిగానే పట్టాయి. నేను నీలిగీతలు గీశాను. ఆయన సంతకం పెట్టారు. నేలమీద ఇంజను తిప్పి చూశారు. మూత వేడెక్కేసరికి ఇప్పనూనె వాసన వచ్చింది. కడిగిన చేతులు నావే. ఎక్కడా జిడ్డు లేదు. అయినా షెడ్డంతా ఆ వాసనే. కెప్టెన్ సాబ్ ముక్కు తుడుచుకుని ఏంటది అని హిందీలో అడిగారు.

సుక్కయ్యను వెనకసీటులో కట్టి కూర్చోబెట్టారు. విమానం లేచింది. పొలాలమీద వేగం తగ్గిన చప్పుడు విన్నాను. ఆ వెంటనే రేకు కొట్టుకుంటున్న చప్పుడు. ఎడమవైపు మూత రెక్క విప్పుకున్న కోడిలా లేచి కనపడింది. ఆ మూత విరిగి రెక్కకు తగిలితే ఇద్దరూ పోతారు. కెప్టెన్ విమానాన్ని తక్కువ ఎత్తులోనే తిప్పుకొచ్చి దించారు. దిగి చక్రం పక్కన కూర్చుండిపోయారు.

నేను వెళ్లి మూత చూశాను. ముత్తమ్మ ఇచ్చినవి ఒక్కటీ లేవు. మిగతావన్నీ గీత విరగకుండా ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఎడమవైపు కింద, అంతకుముందు ఎప్పుడూ ఊడని బొత్తాం పోయింది.

సుక్కయ్యను మర్నాడు వరద కాస్త తీశాక నాటుపడవలో ఏరు దాటించి, అవతల లారీ ఎక్కించారు. కాలు తీసేశారు. ప్రాణం దక్కింది. విమానంలో ఆ రోజే చేరి ఉంటే కాలు కూడా దక్కేదేమోనని డాక్టరు అన్నాడట.

వాన తగ్గాక మూర్తిగారూ నేనూ ఆ ఊరు వెళ్లాం. మెడలోది ముత్తమ్మ మెడలో, మిగతా బొత్తాలన్నీ చెక్క విమానం ముక్కు మీద ఉన్నాయి. నా కొత్త నీలిగీతలతోనే ఉన్నాయి. ఖాళీ గుంట కూడా నిండింది. ముత్తమ్మ కుండలో నూనె, గుడ్డపీలిక పట్టుకుని తుడుస్తోంది. ఎక్కడ వెతికావమ్మా అని అడిగాను.

"ఎతకలే అక్కా. ఈడనే ఉన్నయి, స్తంభం కింద."

మూర్తిగారు చాలాసేపు ఆ ముక్కును చూశారు. చెయ్యి చాపలేదు. తిరిగొచ్చే దారిలో లెక్క చెప్పారు. అరిగిన బొత్తాం కాలు లాగి చూసినప్పుడు పట్టుకుంటుంది, అదిరినప్పుడు వదులుతుంది. పక్కవి పోతే బరువంతా మంచిదాని మీద పడి అదీ పోతుంది. అదంతా నిజమే. స్తంభం కిందకే ఎలా వచ్చాయన్నది ఆ లెక్కలో లేదు.

విమానానికి ఎర్ర చీటీ కట్టారు. దీపావళి వెళ్లాక ఎక్కడో ఒక ఫ్లయింగు క్లబ్బు స్టోరులో, మైనపు కాగితంలో చుట్టిన వాడని బొత్తాలు కంపెనీ సర్టిఫికెట్లతో సహా దొరికాయి. వాటిని బిగించాక ఆ విమానం చాలా ఏళ్లు ఎగిరింది. ఒక్కటీ ఊడలేదు. సరైన పొడవు, కొత్త ఉక్కు అని మూర్తిగారు అనేవారు. చెక్క విమానంలో ఖాళీ గుంట లేదు గదా అని నాకు అనిపించేది. తరవాత నేను స్టోర్ కీపరునయ్యాను. కంపెనీ క్యాంపు ఎత్తేసేదాకా చేశాను.

వంగిన మేకును సాపు చేసి వాడతాను. తెగిన తాడు ముడేసి వాడతాను. మా కోడళ్లు నవ్వినా మానను. కాని నా స్టోరులో ఎర్ర చీటీ కట్టినదాన్ని మళ్లీ ఎవరికీ ఇవ్వలేదు. ఎంత అవసరమని చెప్పినా, ఎంత పెద్ద ఆఫీసరు అడిగినా ఇవ్వలేదు. ఒకసారి పడిన వస్తువు మళ్లీ పడుతుంది. ఎందుకు పడుతుందో తెలిసినా పడుతుంది, తెలియకపోయినా పడుతుంది.