వాసన రాని మత్తు

నా ఎడమ చెవిలో ఒక ప్రెషర్ కుక్కర్ కాపురం పెట్టిన ఏడాదే ఉప్పల్ రోడ్డును మెట్రో స్తంభాల కోసం తవ్వడం మొదలుపెట్టారు. రోడ్డు మీది గోతులు లోకమంతటికీ కనిపించేవి. నా చెవిలో గొయ్యి సంగతి నాకొక్కడికే తెలుసు. కుక్కరంటే ఇంట్లో పప్పు ఉడికించుకునే రకం కాదు. నాలుగు పెళ్ళిళ్ళకు ఒకేసారి వండే సైజు. ఆవిరి కొడుతూనే ఉంటుంది, కూత మాత్రం వెయ్యదు. ఆ హోరు పెరిగి పెరిగి, చెవిలో మూటెడు దూది కుక్కినట్టయి, ఆపైన భూమి తిరగడం మొదలయ్యేది. భూమి తిరుగుతుందని బళ్ళో మాస్టారు చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆ ఏడాది నమ్మాను. ఆయన చెప్పినదానికన్నా చాలా వేగంగా తిరుగుతుంది.

నాచారం పారిశ్రామికవాడలో ఇనుము కరిగించి అచ్చులు పోసే ఒక ఫౌండ్రీలో నేను క్రేన్ నడిపేవాణ్ణి. షెడ్డు కప్పు కింద పట్టాల మీద అటూ ఇటూ పోయే క్రేన్ అది. దానికి పిచ్చుక గూడులా వేలాడే గదిలో నా సింహాసనం. కింద ఖలాసీ ఈల వేసి చెయ్యి ఊపితే, ఎర్రగా మరిగే ఇనుము నిండిన బకెట్టును ఎత్తి అచ్చుల దగ్గరికి చేర్చాలి. బకెట్టంటున్నాను గానీ, చిల్కానగర్‌లో తిరిగే ఆటోలన్నిటినీ కరిగించి అందులో పోసినా ఇంకా చోటు మిగిలేది. పైనుంచి చూస్తే మేనేజరు కూడా ఒక బట్టతల మాత్రమే. అంతకన్నా పెద్ద ఉద్యోగం ఈ భూమ్మీద లేదని నా అభిప్రాయం.

ఇంకో గొప్ప కూడా ఉండేది నాకు. ఆ ఫౌండ్రీ మొత్తంలో చుక్క ముట్టనివాళ్ళం ఇద్దరమే, నేనూ, గేటు పక్కన గూట్లో వినాయకుడూ. గుంటూరు వైపు నుంచి వచ్చి చిల్కానగర్‌లో అద్దెకుంటున్న నేను, సాయంత్రం తోటివాళ్ళంతా కల్లు కాంపౌండు వైపు తిరుగుతుంటే, టిఫిను డబ్బా ఊపుకుంటూ బస్టాపు వైపు తిరిగేవాణ్ణి. తిరిగే ముందు లివరు గురించి ఒక చిన్న ఉపన్యాసం. వాళ్ళు తలలు వంచుకుని వినేవారు. నేను పడిపోయే రోజు కోసం అన్నేళ్ళుగా వాళ్ళు మొక్కుకుంటున్నారని నాకేం తెలుసు?

ఆ రోజు వచ్చింది. పగటి షిఫ్టులో, బకెట్టు గాల్లో ఉండగా, చెవిలో హోరు ఒక్కసారిగా పెరిగింది. షెడ్డు గోడలు నా చుట్టూ బతుకమ్మ ఆడాయి. ఖలాసీ ఈల ఏ పక్క నుంచి వస్తోందో తెలియలేదు. చేతులు వాటంతటవే బకెట్టును దాని దిమ్మ మీదికి దించి, కరెంటు కట్టేశాయి. నిచ్చెనను కన్నతల్లిలా కావలించుకుని దిగాను. నేల మీద కాలు పెట్టాక నేల లేదు. నలుగురి ముందు వాంతి చేసుకున్నాను. నలుగురంటే మొత్తం షెడ్డు. పక్క ఫ్యాక్టరీ వాళ్ళు కూడా గోడెక్కి చూశారని తర్వాత తెలిసింది.

"ఏందన్నా, గట్ల ఊగుతున్నవ్?" అన్నాడు ఖలాసీ.

"కళ్ళు తిరుగుతున్నాయిరా."

"అందరికీ గట్లనే తిరుగుతయి. మొదలు మొదలు గట్లనే ఉంటది. ఫికర్ జెయ్యకు."

అంతలో మా యూనియన్ లీడరు వచ్చాడు. వయసులో నాకన్నా పెద్దవాడు, తాగుడులో మా అందరికన్నా పెద్దవాడు. వంగి నా నోటి దగ్గర ముక్కు పెట్టి, మల్లెపూల కొట్టు ముందు నిలబడ్డట్టు గాలి పీల్చాడు.

"వాసనే వస్తలేదు. గీ సరుకు ఏడ దొరుకుతది తమ్మీ? మాకు జెప్పకుండ ఒక్కనివే ఏస్తున్నవా?"

షెడ్డు షెడ్డంతా నవ్వింది. ఎడమ చెవి మూసుకుపోయి ఉండటం వల్ల నాకు సగం నవ్వే వినబడింది. ఆ సగమే జన్మకు సరిపోయింది.

ఉప్పల్ చౌరస్తాలో మొబైల్ షాపు పైన ఒక చెవి డాక్టరుండేవాడు. కళ్ళు తిరిగే రోగులను చూసే ఆ మనిషి తన గదికి గుండ్రంగా తిరిగే ఇనుప మెట్లు కట్టించుకున్నాడు. ఎక్కగలిగినవాడికి జబ్బు లేనట్టు, ఎక్కలేనివాడు ఎలాగూ రాడు. మా ఆవిడ వెనక నుంచి నన్ను బియ్యం బస్తాలా తోస్తే పైకి చేరాను. డాక్టరు చెవి దగ్గర రకరకాల చప్పుళ్ళు చేసి, నన్ను ఒక పెట్టెలాంటి గదిలో కూర్చోబెట్టి, ఏవో గీతలు గీసి తేల్చాడు.

"లోపలి చెవిలో నీరు పెరిగింది. మాత్రలు వాడండి, ఉప్పు బాగా తగ్గించండి. ఈ తిరగడం కొన్నాళ్ళకు అదుపులోకి రావచ్చు. ఈ చెవిలో వినికిడి ఎంత మిగులుతుందో మాత్రం చెప్పలేను. ఎత్తులు ఎక్కకండి."

"నేను క్రేన్ నడుపుతానండి."

"అయితే దిగండి," అన్నాడాయన, తర్వాతి రోగిని పిలుస్తూ.

గుంటూరువాడికి ఉప్పు మానెయ్యమనడం కన్నా ఉరి తియ్యడం మర్యాద. మా ఆవిడ ఆ పూటే ఆవకాయ జాడీని పక్కింటికి సాగనంపింది. నన్ను సాగనంపినా అంత తొందరపడేది కాదు. ఆమె వంటలోంచి ఉప్పు తీసేస్తే మిగిలేవి ఆమె అభిప్రాయాలే. రోజుకు రెండు పూటలా వాటినే తిన్నాను.

ఫౌండ్రీలో తోటివాళ్ళకు చెవి సంగతి చెప్పాను. అవి ప్రత్యేక రాష్ట్రం కోసం రోజూ ఏదో ఒక ధర్నా, ఏదో ఒక బంద్ నడుస్తున్న రోజులు. ఖలాసీ చాలా శ్రద్ధగా విని, "చెవుల నీళ్ళా? గిన్నొద్దులు మా నీళ్ళన్నీ ఏడికి వోతున్నయో అనుకున్నం. గీడ దాసినవా అన్నా," అన్నాడు. అప్పటి నుంచి నేను కనిపిస్తే చాలు, "పక్కకు జరగుండ్రి, డ్యామ్ వస్తుంది" అనేవారు.

నవ్వితే నవ్వారు. నా భయం వేరే. అంతకు ముందు ఏడాది, ఫిట్స్ వస్తాయని తెలిసిన ఒక కుర్రాణ్ణి 'అన్‌ఫిట్' అని రాసి, పూలదండ వేసి, గేటు దాటించారు. దండ చాలా బాగుంది. అతను దాన్ని మెడలోంచి తియ్యకుండానే ఏడ్చుకుంటూ బస్సెక్కాడు. నాకు క్రేన్ తప్ప ఇంకో పని రాదు. కూతురు ఇంకా బళ్ళో ఉంది. ఆ వయసులో, ఆ చెవితో, నన్ను ఇంకెవరూ పనిలో పెట్టుకోరు.

టీ బండి దగ్గర యూనియన్ లీడరు నన్ను పక్కకు తీసుకెళ్ళాడు.

"జర మనసు వెట్టి ఇను. బీమారి అన్నవనుకో, ఇంటికి పంపుతరు. నేనేం జెయ్యలేను. తాగిన అన్నవనుకో, వార్నింగ్ ఇచ్చి కింద పనికి మారుస్తరు. గప్పుడైతే నీ దిక్కు నేనుంట."

"నేను తాగను గదన్నా."

"గదే నీకున్న బీమారి," అన్నాడు.

అతను చెప్పింది నిజమే. తాగేవాళ్ళను తీసేస్తే ఆ ఫౌండ్రీలో మిగిలేది కొలిమి ఒక్కటే. అందుకని దొరికినవాడికి ఒక ఆచారం ఉండేది. వాడు భార్యను వెంటబెట్టుకుని మేనేజరు గదికి రావాలి. ఆమె ఏడవాలి. వాడు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి, ఇక తాగనని ఒట్టెయ్యాలి. మేనేజరు కరగాలి. కొన్నాళ్ళకు అదే మనిషి, అదే భార్య, అదే నెత్తి.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ కూరగాయల కత్తి కింద పెట్టింది.

"తాగనివాడని మా వాళ్ళు నన్ను మీకిచ్చారు. మీలో ఉన్న మంచిగుణం అదొక్కటే. అది కూడా తీసేస్తే నాకు మిగిలేదేంటి?"

"ఉద్యోగం మిగులుతుంది."

ఆమె మళ్ళీ కత్తి తీసుకుని బీరకాయ చెక్కడం మొదలుపెట్టింది. బీరకాయ మొత్తం అయిపోయింది గానీ చెక్కడం ఆగలేదు. చివరికి, "నా నెత్తి మీద ఒట్టేస్తే నాకేమన్నా అవుతుందా?" అంది. తర్వాత తనే తీర్పు చెప్పుకుంది. "ఏం కాదులెండి. మీరెలాగూ తాగరు కాబట్టి ఆ ఒట్టు నిజమేగా."

మర్నాడు మేనేజరు గదిలో నిలబడ్డాం. యూనియన్ లీడరు మా పక్కన చేతులు కట్టుకుని, తన పెళ్ళాన్ని ఎప్పుడూ తీసుకురానట్టు మొహం పెట్టాడు.

"ఏమ్మా, ఇతను తాగుతాడా?" అన్నాడు మేనేజరు.

ఆమె కొంగు సవరించుకుంది. నా గుండె క్రేన్ బకెట్టులా గాల్లో ఆగిపోయింది. ఏడుపు రాదేమో, మా ఆవిడకు అబద్ధం చేతకాదేమో అనుకున్నాను. ఆమెను నేనెంత తక్కువగా తెలుసుకున్నానో అర నిమిషంలో తేలిపోయింది.

"తాగుతారండి. తాగొచ్చి, చుట్టాలందరి ముందూ నా వంటను వెక్కిరిస్తారండి. తాగి, నేను మాట్లాడుతుంటే పేపరు అడ్డం పెట్టుకుంటారు. తాగి, పిల్ల ఏ క్లాసులో ఉందో మర్చిపోతారు. తాగి, మా నాన్న పోతే చావుకి రాలేదండి. దినానికి వచ్చారు. వచ్చి, గారెలు బాగాలేవన్నారు."

అప్పుడు ఏడ్చింది. అలాంటి ఏడుపు ఆ గదిలో అంతకు ముందు ఎవరూ వినలేదు. బయట లారీల వాళ్ళు ఇంజన్లు ఆపి విన్నారంటే మీరు నమ్మరు. మేనేజరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మా లీడరుకు నిజమంతా తెలుసు, నాటకం రాసిందే తను. అయినా అతను నా వైపు తిరిగి, "గింత గలీజు మనిషివా తమ్మీ. నేను తాగుత గానీ, మామ సావుకైతే వోయిన," అన్నాడు. ఆ గొంతులో నాటకం లేదు.

నేను ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాను. మధ్యలో మాట తడబడింది. దాన్ని కూడా తాగుడు ఖాతాలోనే వేసుకున్నారు.

పని దక్కింది. గేటు దగ్గర లారీలను తూచే కాటా మీదికి నన్ను దించారు. ఇక జన్మలో పైకెక్కక్కర్లేదు.

తిరుగు బస్సులో ఇద్దరం నిలబడ్డాం. నేనే మొదలుపెట్టాను.

"భలే అల్లావు. నాకే నమ్మబుద్ధేసింది."

"తాగి అన్న ముక్కొకటే అల్లాను," అంది కిటికీలోంచి చూస్తూ.

బస్సు ఒక గోతిలో దిగి లేచింది. చెవిలో హోరు లేచింది. కిటికీలు పైకీ కిందికీ పోయాయి. నేను పోయి ఒక టిఫిను క్యారియరు మీద, దాన్ని పట్టుకున్న పెద్దమనిషి మీద పడ్డాను. ఆయన నన్ను బూతు తిట్టి తోసేశాడు. కండక్టరమ్మ టికెట్లు ఆపి వచ్చింది.

"పొద్దు గూకకముందే ఏసినవా అన్నా? ఏందమ్మా గిది?"

అంతకు ముందైతే మా ఆవిడ వెంటనే మీదపడేది. ఆయన ముట్టరండీ, చెవిలో జబ్బండీ అని బస్సుకంతా వివరించేది, బస్సంతా నవ్వేది. ఫౌండ్రీ గేటు దాటేశాం కాబట్టి ఇక్కడ అబద్ధంతో అవసరం కూడా లేదు. ఆమె నన్ను చూసింది, కండక్టరమ్మను చూసింది.

"ఏం చెయ్యనమ్మా. ఈయనింతే," అంది.

ఆడవాళ్ళ సీట్లలో కలకలం. ఒకామె పిల్లను ఒళ్ళోకి తీసుకుంది, ఇంకొకామె సంచి తీసింది. "రామ్మా, గీడ కూసో. మా ఇంట్ల గూడ గిదే లొల్లి," అంటూ చెయ్యి పట్టి కూర్చోబెట్టారు. మా పెళ్ళయ్యాక ఆమెకు ఎవరైనా జరిగి చోటివ్వడం నేను చూసింది అదే మొదలు. ఉప్పల్ దాటేదాకా ఆమె వాళ్ళకు నా సంగతులు చెబుతూనే ఉంది. నేను రాడ్డుకు వేలాడుతూ, నేల ఎటుందో వెతుక్కుంటూ ఉన్నాను.

దిగేటప్పుడు చెయ్యి అందించింది. పట్టుకున్నాను. వెనక నుంచి ఎవరో, "పాపం, దేవతసొంటి ఆడమనిషి, గీనికి దొరికింది," అన్నారు.

అది కుడి చెవి వైపు నుంచి వచ్చింది. ఒక్క అక్షరం పొల్లుపోకుండా వినబడింది.