ఎకరాలకు అలవాటైన చెయ్యి

ఆముదం పిండి బస్తా మూతి విప్పగానే ఘాటు వాసన గుప్పుమంటుంది. మొన్న ఇబ్రహీంపట్నం మార్కెట్లో ఎరువుల దుకాణం ముందు అందరూ ముక్కు మూసుకుంటుంటే, నాకు మాత్రం మా పక్కింటి సుల్తానా టీచర్ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆమె ఇప్పుడు లేదు. సర్కారు బడిలో చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి. మాట కటువు, మనసు వెన్న అంటుంటారు కదా, ఆమె అలా కూడా కాదు. మాట కటువే, మనసులో ఏముందో మనమే వెతుక్కోవాలి.

మా పొలం ఇళ్ల ప్లాట్ల వెంచర్లో కలిసిపోయాక మా బాపు మంచం పట్టాడు. జబ్బేమీ లేదు. మట్టిలో బతికిన మనిషికి పని లేకపోవడమే జబ్బు. ఇంటి వెనక జాగాలో నేను టమాట, వంకాయ నారు తెచ్చి పెడితే, ఒక పొద్దున తనంతట తానే లేచి పాదులు చేశాడు. ఆ పూట అన్నం అడిగి మరీ పెట్టించుకున్నాడు. ఇక ఆ చిన్న మడులే నాకు దేవుళ్లు. అవి పచ్చగా ఉన్నన్నాళ్లూ బాపు లేచి తిరుగుతాడని నా ఆశ.

ఆ మడుల్లోనే బాపు యూరియా చల్లాడు. వరికి చల్లినట్టు గుప్పిళ్లతో! ఎకరాలకు అలవాటైన చెయ్యి మంచమంత మడి దగ్గర ఆగుతుందా? మర్నాటికి ఆకుల అంచులు మాడి, మొక్కలన్నీ తలలు వేలాడేశాయి. బాపు చూశాడు. లోపలికి పోయి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. పైపు అందుకుని నేనే నీళ్లు పట్టబోయాను.

గోడ అవతలి నుంచి సుల్తానా టీచర్ కేకేసింది.

“ఏయ్ సుజాతా, ఆ పైపు కింద పెట్టు. మీ బాపును పిలువు.”

“పండుకున్నడు టీచర్. ఇగ లేవడు.”

“ఎట్ల లేవడో నేను జూస్త.”

వచ్చి గుమ్మంలో నిలబడింది. “అన్నా, ఎవరు చల్లిండ్రో ఆళ్లే కడగాలె. లే.”

“నా చెయ్యి మంచిది గాదు చెల్లె. బిడ్డనే జూసుకోనీ.”

“చెయ్యి మంచిదే. మడి చిన్నది, గంతే. జర లేచి నీళ్లు పట్టు, గా మందంత కిందికి దిగిపోవాలె.”

బాపు లేచాడు. పైన మిగిలిన గుళికలను మట్టితో సహా గీకి తీసేశాడు. ఆగి ఆగి, సాయంత్రం దాకా నీళ్లు పట్టాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమేగా అని నేను గొణిగితే, టీచర్ నన్ను పక్కకు లాగింది.

“పలక మీద తప్పు రాసిన పోరని చేతులకెళ్లి బలపం గుంజుకుంటే, ఆడు మళ్ల రాస్తడా? చెప్పు.”

నేను పైపు చిక్కు విప్పి బాపు వైపు జరిపాను.

కొన్ని మొక్కలు పోయాయి. మిగతావి బతుకుతాయో లేదో తెలియక రోజూ భయం భయంగా తలుపు తీసేదాన్ని. చివరికి ఒకనాడు పెరట్లోంచి బాపు కేక, “బిడ్డా, సిగురేసింది!” నాకు పానం లేచొచ్చింది. ఆ సంతోషంలో టీచర్ని వాటేసుకుంటే, “అరే, చీర నలుగుతది,” అని విసుక్కుంది. తర్వాత బాపు వైపు తిరిగింది.

“అన్నా, నా కరివేపాకు చెట్టు ఎదుగుతలేదు. ఏమెయ్యాలె?”

బాపు గోడ మీంచి తొంగి ఆ చెట్టు మొదలు చూశాడు. “యూరియా ఒద్దు చెల్లె. ఆముదం పిండి ఏద్దం. మెల్లగ పనిజేస్తది. జర ఎక్కువ పడ్డా చెట్టు ఓర్సుకుంటది.”

నిజంగా తెలియకే అడిగిందా? నాకిప్పటికీ అనుమానమే. అడిగితే తిట్టేది.

బాపు ఇప్పుడు బాగా ముసలివాడయ్యాడు. చాయ్ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. అందుకుని నేనే తాగిద్దామని నా చెయ్యి ముందుకు పోతుంది. వెనక్కి తీసుకుంటాను. కొంత లుంగీ మీద ఒలుకుతుంది. ఒలకనీ, ఉతుక్కుంటాం. మిగతాది ఆయనే తాగి, గ్లాసు తనే కింద పెడతాడు.