ముక్కు లేని హంసలు

పోయిన వారం మా బడిలో పదో తరగతి పిల్లల గ్రాఫు పుస్తకాలు దిద్దుతూ ఏదో ఆలోచనలో పడి ఒకమ్మాయి పుస్తకం చివర ఎర్ర పెన్నుతో గళ్ళు నింపుకుంటూ పోయాను. చూసుకునేసరికి అక్కడ జానెడు పొడవున మామిడిపిందెల అంచు తయారైంది. మరునాడు ఆ పిల్ల లేచి, "మేడమ్, ఇది ఎన్ని మార్కుల ప్రశ్న?" అని అడిగితే తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను గానీ, ఆదోని ఎండలో ఇంటికి నడుస్తూ లెక్క వేసుకుంటే, నేను చీర అంచు గీసి ఎనిమిదేళ్ళయిందని తేలింది.

మాది ఎమ్మిగనూరు, నేత ఇల్లు. డిగ్రీ అయ్యేదాకా మా నాయన మగ్గానికి అంచులు గీసింది నేనే. గ్రాఫు కాగితంలో ఒక్కో గడి ఒక్కో పోగు. రంగు నింపిన చోట పోగు లేస్తుంది, వదిలిన చోట లేవదు. ఆ కాగితం చూసి అట్టలకు చిల్లులు కొట్టి మగ్గం మీద కట్టేవాళ్ళు. ఇంటర్‌లో ఉండగా ఒకసారి హంసల అంచు గీస్తూ ముక్కు దగ్గర ఒక్క గడి మరిచాను. ఒక్క గడే గదా అనుకోవడానికి లేదు, ఆ తప్పు చీర పొడవునా ప్రతి హంసకూ వస్తుంది. మూరెడు నేసినాక చూసుకున్న నాయన కోప్పడలేదు. "ఏమ్మా, హంసలన్నీ ముక్కులు పోగొట్టుకొని వచ్చినాయే, యాడన్నా కొట్లాడినాయా?" అని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నేసిందంతా పోగు పోగుగా విప్పించాడు. పొద్దు గూకేదాకా విప్పాం. ఆ తరువాత నా కాగితం ఎంత బాగున్నా, ఆయన వేలు పెట్టి గడి గడీ చూసి సరే అనేవరకు అట్టలకు పోయేది కాదు.

ఆ పైన బి.ఇడి., పెళ్ళి, బడి, పాప. పాప దగ్గితే భయం, తినకపోతే భయం, మరీ ఎక్కువసేపు నిద్రపోయినా భయమే. పనులకంటే ఈ భయాలకే నా రోజు చాలదు. అయినా ఆ సాయంత్రం నాయనకు ఫోన్ చేసి కొత్త అంచు గీసిస్తానన్నాను. "సోమవారం అట్టలు కొట్టేటాయన వస్తాడు. ఆదివారం లోపల ఇస్తే నీది, లేకుంటే పాతదే నేస్తా" అన్నాడు.

ఉన్నవి నాలుగు రోజులు. "గళ్ళు నింపుతా కూసుంటే తట్టల్లోకి సంగటి ఎవరు నింపుతారమ్మా?" అని మా అత్త ఎత్తిపొడిచింది. సంగటి కెలికి, పాపకు తినిపించి, బడిలో ఖాళీ దొరికినప్పుడల్లా గీస్తూ శనివారానికి దాదాపు పూర్తి చేశాను. నేను స్నానానికి పోయివచ్చేలోగా పాప ఆ కాగితం నిండా పచ్చ క్రేయాన్‌తో గీతలు గీసి పెట్టింది. ఏడుపొచ్చింది. వదిలేస్తే అడిగేవాళ్ళు లేరు. కళ్ళు తుడుచుకుని కొత్త కాగితం తీసి, మళ్ళీ మొదటి గడి నుంచి మొదలుపెట్టాను. మా ఆయన పాపను బండి మీద మార్కెట్ యార్డుకు తీసుకుపోయి పత్తి కుప్పలు చూపించి తెచ్చాడు. అత్త రెండుసార్లు తొంగి చూసి, "ఇంగెన్ని వరసలుండాయి? కానీ, సంగటి నేను సూస్తాలే" అంది.

ఆదివారం పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సెక్కాను. నాయన కాగితం అందుకుని, వాకిట్లో వెలుతురులోకి పోయి, కళ్ళద్దాలు పైకెత్తి, దించి, దూరం పెట్టి చూసి, చివరికి నా చేతికే తిరిగిచ్చాడు. "గళ్ళన్నీ కలిసిపోతాండాయి తల్లీ. నువ్వే సూడు. నువ్వు సరే అంటే సరే."

గీయగలనా లేదా అని భయపడ్డానే గానీ, నా తప్పు పట్టుకునే కళ్ళు ఒకనాటికి మసకబారతాయని నేనెన్నడూ అనుకోలేదు. తప్పినా నాయన చూసుకుంటాడులే అనే ధీమాతో గళ్ళు నింపిన ఆ రోజులు ఎంత తేలికవో అప్పుడు తెలిసింది. గడప మీద కూర్చుని మూడుసార్లు వరస వరసా లెక్కపెట్టాను. ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు.

"సరే నాయనా" అన్నాను. ఆ మాట ఎప్పుడూ ఆయన అనేది.