గుంజుడు

1967 జూన్‌లో నాంపల్లి స్టేషన్ దగ్గరి ఒక దవాఖానలో అసిస్టెంట్ ఫిజియోథెరపిస్టుగా చేరాను. మాది తెనాలి. రెండో నెలలో యాదగిరి నా దగ్గరికి వచ్చాడు. పంటలకు పంపుతో మందు కొట్టడం అతని పని. విరిగిన భుజాన్ని సర్జన్‌గారు స్క్రూలు వేసి బిగించారు. నాలుగు వారాలు కట్టులో ఉండేసరికి కీలు బిగుసుకుపోయింది. నొప్పి దగ్గర ఆపుతూ చెయ్యి ఎత్తించాలని కేస్‌షీట్‌లో రాశారు.

యాదగిరి రోజూ గోడమీద వేళ్లు పైకి పాకించేవాడు. అందినచోట నేను సుద్దగీత పెట్టేవాణ్ని. పంపు పిడి ఆడించాలంటే చెయ్యి భుజం ఎత్తు దాటాలి.

పదో రోజు గీత కిందికి దిగింది. ఎలా ఉందని అడిగితే "గుంజుతుంది సార్" అన్నాడు. మా వైపు గుంజడమంటే లాగడమే. కీలు సాగుతోందని కేస్‌షీట్‌లో రాసి, మర్నాడు ఇంకాస్త ఎత్తించాను. అతని చొక్కా నీచువాసన కొట్టేది. పంపు పట్టలేక, పురుగులను చంపడానికి చేపనూనె సబ్బు కలిపే పనిచోటి షెడ్డులోనే మిగతా పగలంతా కూర్చునేవాడు కనుక, ఆ సబ్బు వాసనే అనుకుని పట్టించుకోలేదు.

ఆ మర్నాడు హెడ్ నర్సు సుగుణమ్మగారు గదిలోకి వచ్చారు. ఆమెది మెదక్.

"ఏంది యాదగిరీ, చేపల దుకాణం పెట్టినవా?"

"ఔ అమ్మా, ఇంట్ల పిల్లి నా ఎనకనే తిరుగుతుంది."

ఆమె నవ్వుతూనే అతని నుదురు తాకి, నవ్వు ఆపేశారు. "ఊకె పండుకున్నా గుంజుతుందా?"

"ఔ. కన్ను మూయనిస్తలేదు."

"సార్, మా దిక్కు గుంజుడంటే సలుపుడు" అని నాతో చెప్పి, చొక్కా విప్పించారు. కుట్టు కింద ఎర్రగా ఉబ్బి చీము కారుతోంది.

ఆ మధ్యాహ్నమే సర్జన్‌గారు గాయం తెరిచి కడిగారు. చీము ఎముకలోకి దిగి ఉంటే చెయ్యి తీసేయాల్సి రావచ్చన్నారు. నేను రాసిన వాక్యం చదివి, కేస్‌షీట్ నా చేతికిచ్చారు. మర్నాడు యాదగిరి "చెయ్యి ఉంచుతరా సార్?" అని అడిగాడు. జ్వరం దిగితే గాని తెలియదన్నాను.

నాలుగో రోజు జ్వరం దిగింది. చెయ్యి మిగిలింది. కానీ సుద్దగీత భుజం ఎత్తుకు రెండు వేళ్ల కింద ఆగిపోయింది. అతను మళ్లీ పంపు పట్టలేదు. సబ్బు కలిపే షెడ్డులోనే ఉండిపోయాడు.

సుగుణమ్మగారు కిందటి నెల పోయారు. అప్పటినుంచి ఆ గోడ గుర్తొస్తోంది. యాదగిరి తర్వాత నా ఉద్యోగకాలమంతా రోగి మాటను నా మాటగా మార్చి రాయలేదు. అతనన్న మాటే రాసి, కదలకుండా ఉన్నా అలాగే ఉందా అని అడిగి, చొక్కా విప్పించి చూసేవాణ్ని.