చోలాన్‌లో లిన్ ఆంటీ

అల్లాన్ని తొక్క తీయకుండా నేరుగా మంట మీద కాలిస్తే ఒక వాసన వస్తుంది. పచ్చడికి వంకాయ కాల్చినప్పుడు వచ్చే వాసనకి అది దగ్గర బంధువే గానీ, ఘాటు ఇంకాస్త ఎక్కువ. పోయిన ఆదివారం పొద్దున ఆక్లాండ్ పడమటి వైపు జరిగే సంతలో, గోంగూర దొరుకుతుందేమోనని ఫిజీ వాళ్ళ కూరగాయల బల్లల మధ్య తిరుగుతుంటే ఆ వాసన వచ్చి తగిలింది. అటు చూస్తే ఒక వియత్నాం ఆవిడ చిన్న గ్యాస్ పొయ్యి మీద అల్లం, ఉల్లిపాయలు కాలుస్తోంది. మా అమ్మాయి వేడివేడి డోనట్ల కోసం చెయ్యి పట్టుకు లాగుతూనే ఉంది. నేను మాత్రం ఆ పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. ఆ వాసనతో పాటు నాకు అన్నం పెట్టిన ఒక మనిషి గుర్తొచ్చింది. ఆవిడ పేరు లిన్.

నేను పైచదువుకి పామర్‌స్టన్ నార్త్ వచ్చిన కొత్తలో లిన్ ఆంటీ హోటల్లో పనికి కుదిరాను. ఆ ఊరు అప్పడంలా చదునుగా ఉంటుంది, గాలి మాత్రం మనిషిని సైకిలుతో సహా పక్క వీధిలో పడేస్తుంది. పాలూ బ్రెడ్డూ అమ్మే డెయిరీ పక్కన ఇరుకు గది ఆవిడ హోటలు. ఆరు బల్లలు, ఒక పొయ్యి, పొయ్యి ముందు పొట్టిగా, బిగించి కట్టిన జడతో ఆవిడ. బల్లలు తుడవడం, గిన్నెలు కడగడం నా పని. ఆవిడది వియత్నాంలోని సైగాన్ నగరంలో చైనా వాళ్ళు తరతరాలుగా ఉంటున్న చోలాన్ అనే పేట. చోలాన్ అంటే పెద్ద బజారు అని అర్థం చెప్పింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. అందరూ ఉత్త పేరుతో పిలిచేవాళ్ళు. నాకు నోరు రాక ఆంటీ అన్నాను. నేనెప్పుడు నీకు ఆంటీనయ్యానని అడిగి, మా ఊళ్ళో పద్ధతి చెబితే విని, మా వైపూ అంతేలే, పెద్దవాళ్ళని ఉత్త పేరుతో పిలవరు అంది. ఆ రోజు నుంచి నన్ను ‘కొన్’ అని పిలవడం మొదలుపెట్టింది. బిడ్డా అని దానర్థం. ఇద్దరం మాట్లాడుకున్నది ఇంగ్లీషులోనే. అయితే ఆవిడ ఇంగ్లీషూ నాదీ రెండూ అంతంత మాత్రమే కాబట్టి ఎవరికీ సిగ్గు లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక నా ముందు ఒక పెద్ద గిన్నె పెట్టింది. కోడి సూపులో సన్నటి నూడుల్స్, పైన ఉల్లికాడలు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, ఆకలి దంచేస్తోంది. మనవాళ్ళ అలవాటు తెలుసుగా, కంచం ముందుకి రాగానే కలపాలి. కారం సాసు పోశాను, నిమ్మకాయ పిండాను, చేప సాసు పోశాను, మొలకలు, ఆకులు అన్నీ వేసి, ముద్దపప్పూ ఆవకాయా కలిపినట్టు శుభ్రంగా కలిపాను. తలెత్తితే ఆంటీ నడుం మీద చేతులు పెట్టుకుని చూస్తోంది. గిన్నె నా ముందునుంచి తీసేసింది.

“ఇది నా సూపు కాదు, నీ సూపు. నాది ఎప్పుడు తింటావు?” అంది.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవమానంతో కాదు, ఆకలితో. ఇంకో గిన్నె తెచ్చి పెట్టి, పక్కన నిలబడి, మొదటి గుటక ఏమీ కలపకుండా తాగించింది. తర్వాత నీ ఇష్టం, కావాలంటే బెల్లం వేసుకో అంది. ఆ ఉత్త సూపు గొంతులోకి దిగుతుంటే కోడి, కాల్చిన అల్లం, చివర్లో ఎక్కడో నారింజ తొక్క చేదు, ఒకదాని వెనక ఒకటి తెలిశాయి. ఇంతసేపూ నేను కారం కింద పాతిపెట్టింది ఇదన్నమాట అనుకున్నాను. అలా అనుకున్నానని ఆవిడతో అనలేదు, అంటే ఇంక పట్టలేం.

ఆ చాదస్తం నా ఒక్కదాని మీదే కాదు. సాసు సీసాలు బల్లల మీద ఉండేవి కావు, వంటగది గుమ్మం పక్కన అలమరలో ఉండేవి. మనిషి మొదటి గుటక తాగాడని కంటితో చూశాకే నన్ను సీసా పట్టుకెళ్ళమనేది. ఒకసారి పాల ట్యాంకర్ నడిపే ఆయనెవరో విసుక్కుని లేచి వెళ్ళిపోయాడు. నేను కంగారుపడితే, ఆంటీ మాత్రం ఆకలేస్తే రేపు వస్తాడులే అంది. మర్నాడు నిజంగానే వచ్చాడు. ఆ తర్వాత తను తెచ్చిన స్నేహితుడికి, ముందు ఉత్త సూపు తాగు, అప్పటిదాకా సీసా రాదు అని తనే చెప్పడం విన్నాను. ఇప్పుడు ఆక్లాండ్ శివార్లలో, ఆల్బనీలోని నా ఆఫీసులో ఎవరైనా కొత్తగా చేసిన పని తెచ్చి చూపిస్తే, నా సలహాల సీసా వెంటనే తీయకుండా కాసేపు నోరు కట్టుకుంటాను. ఆ మాత్రం బుద్ధి వచ్చిందంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

శీతాకాలంలో ఇక్కడ మాండరిన్లు, అంటే చిన్న కమలాపళ్ళు, చవగ్గా వస్తాయి. పళ్ళు నేను తినాలి, తొక్కలు సూపులోకి ఆవిడకివ్వాలి, అదీ మా ఒప్పందం. మామిడి ఒరుగుల్లా వాటిని దారానికి గుచ్చి హీటరు పైన వేలాడదీసేది. ఆ తొక్కలు వలుస్తూ కూర్చున్న సాయంత్రాల్లోనే నాకు ఆవిడ కథ తెలిసింది. చోలాన్‌లో వాళ్ళమ్మ సందు మొదట్లో బండి పెట్టి ఇదే సూపు అమ్మేదట. యుద్ధం ముగిశాక, పాతికేళ్ళ వయసులో ఈవిడ పడవెక్కి దేశం దాటింది, శరణార్థి శిబిరాల్లో బతికి, చివరికి ఇక్కడ తేలింది. అమ్మ పోయిన కబురు చాలా ఆలస్యంగా అందింది. వంట కాగితం మీద రాసి ఇచ్చిందేమీ లేదు. నాలుకకి గుర్తున్నదాన్ని బట్టి ఏళ్ళ తరబడి చేసి చేసి, ఇదే అనిపించిన రోజున హోటలు తెరిచింది.

మీ ఊరు ఒకసారి వెళ్ళి రావచ్చుగా అని అడిగితే ఎప్పుడూ ఏదో ఒక వంక. హోటలు ఎవరు చూస్తారు, మోకాళ్ళు నొప్పి, అక్కడ ఎండలు. ఒకరోజు ఎవరో భోజనం చేసి, ఇంత మంచి సూపు జన్మలో తాగలేదని పొగిడి వెళ్ళారు. ఆవిడ ముఖంలో సంతోషం కనబడలేదు. ఏం ఆంటీ అన్నాను.

“వాళ్ళకి మా అమ్మ సూపు తెలీదుగా” అంది. కాసేపు తొక్క గుచ్చి, “అక్కడికి వెళ్ళి తాగితే నాకు తెలిసిపోతుంది, కొన్. ఇన్నేళ్ళూ నేను అమ్మిందంతా తప్పని తెలిస్తే ఏం చెయ్యను? అమ్మది అంటూ నా దగ్గర మిగిలింది ఇదొక్కటే” అంది.

అంత గట్టి మనిషికి అంత భయం ఉందని నాకప్పటిదాకా తెలియదు. ఇంకో మాండరిన్ వలిచి తొక్క ఆవిడ చేతికిచ్చాను.

చదువైపోయింది, ఉద్యోగం వచ్చింది, ఆక్లాండ్‌లో సెటిల్ అయ్యాను, పెళ్ళయింది. అక్కడే హాబ్సన్‌విల్‌లో ఇల్లు కొనుక్కున్న ఏడాది ఆంటీ ఫోన్ చేసింది. నువ్వు వస్తానంటే చోలాన్ వెళ్తాను, ఇక్కడున్న మా దేశం వాళ్ళతో అయితే నా భయం చూసి నవ్వుతారు అంది. మా ఆయన, వెళ్ళు వెళ్ళు, ఆవిడ నిన్నడగడమే ఎక్కువ అన్నాడు. అలా ఇద్దరం సైగాన్‌లో దిగాం.

చోలాన్ చూడగానే నాకు బెజవాడ వన్‌టౌన్‌కి వచ్చినట్టే అనిపించింది. ఒక వీధి నిండా ఎండిన వేళ్ళు, బెరళ్ళు, ఆకులు అమ్మే మందుల దుకాణాలు. ఇంకో వీధిలో ఎర్ర కాగితం లాంతర్లు. పెద్ద బజారు లోపల ఎండు రొయ్యల గుట్టలు, చెప్పుల కట్టలు, వాటి మధ్య గిన్నె చేత్తో పట్టుకుని నిలబడే నూడుల్స్ తినేస్తున్న వ్యాపారులు. గుళ్ళో కప్పు నుంచి చుట్టలు చుట్టలుగా వేలాడే అగరుబత్తులు. మేం ఏది చూడాలన్నా ఒక ముసలాయన అడ్డొచ్చి ఇంకేదో కొనమనేవాడు. ఆంటీ ఒకళ్ళతో చైనా భాషలో, ఒకళ్ళతో వియత్నామీలో మాట్లాడుతూ పాతికేళ్ళ పిల్లలా నడిచింది. మోకాళ్ళ మాటే లేదు. అయితే బజారు బయట రోడ్డు దాటాల్సొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది. ఆవిడ తెల్లచారల దగ్గర బుద్ధిగా నిలబడి, బళ్ళు ఆగుతాయని ఎదురుచూస్తోంది. పామర్‌స్టన్ నార్త్‌లో అయితే ఆగుతాయి మరి. ఇక్కడ మోటారు సైకిళ్ళ వరద. అది చూసి నాకు నవ్వాగలేదు. బెజవాడ బీసెంట్ రోడ్డులో పెరిగినదాన్ని, ఆవిడ చెయ్యి పట్టుకుని, రెండో చెయ్యి అడ్డంపెట్టి, ఆగకుండా పరిగెత్తకుండా నెమ్మదిగా నడిపించాను. బళ్ళు మా చుట్టూ తిరిగి వెళ్ళాయి. అవతలికి చేరాక, నా వీధి నువ్వు దాటిస్తున్నావా అని తనూ నవ్వింది.

వాళ్ళ సందు దొరికింది. వాళ్ళిల్లు ఉన్న చోట ఫోన్ కవర్ల కొట్టు ఉంది. దాని ముందు నిలబడి కాసేపు చూసి, బాగానే ఉందిలే అంది. కానీ సందు మొదట్లో, వాళ్ళమ్మ బండి ఉండేదని చెప్పిన చోటే, ఎవరో నలభై ఏళ్ళావిడ బండి పెట్టుకుని కోడి సూపు అమ్ముతోంది. పక్కన పొట్టి ప్లాస్టిక్ స్టూళ్ళు. ఆంటీ నా చెయ్యి వదిలేసి వెళ్ళి కూర్చుంది. నేనూ కూర్చున్నాను. రెండు గిన్నెలొచ్చాయి, పొగలు కక్కుతూ.

ఆంటీ గిన్నెలోకి చూసింది. తర్వాత చెయ్యి చాచి సాసు సీసా అందుకుంది. మూత తీసి వంచబోయింది. జన్మలో ఎవర్నీ చెయ్యనివ్వని పని తను చేస్తుంటే నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ మణికట్టు పట్టుకున్నాను.

“ఒక్క గుటక, ఆంటీ” అన్నాను.

నా వంక చూసింది. కోప్పడుతుందేమో అనుకున్నాను. సీసా కింద పెట్టింది. చెంచాతో సూపు తీసుకుని, ఊది, తాగింది. ఇంకో చెంచా తాగింది. నాకు నా గిన్నె గుర్తే లేదు, ఆవిడ గొంతు కదలడమే చూస్తున్నాను.

“తీపి ఎక్కువ. ఇది మా అమ్మది కాదు” అంది.

“మరి మీరు చేసేదో?” అని అడిగేశాను. అడిగి నాలుక కరుచుకున్నాను.

ఆవిడ సందులోకి ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చూసింది. అక్కడ తనని గుర్తుపట్టినవాళ్ళు ఎవరూ లేరు.

“నాది మా అమ్మదో కాదో చెప్పగలిగిన మనిషి ఈ వీధిలో ఒక్కళ్ళు కూడా మిగల్లేదు. ఇక నేను చెప్పిందే ఖాయం” అంది. గిన్నె దగ్గరికి లాక్కుని, “మా అమ్మదే” అంది.

ఆ మాట చెప్పి, సాసులన్నీ పోసి, నిమ్మకాయ పిండి, అచ్చం నేను కలిపినట్టే కలిపేసి, గిన్నె ఖాళీ చేసింది. బండి ఆవిడ వచ్చి ఎలా ఉందని అడిగినట్టుంది. ఆంటీ ఏదో చెప్పింది, ఆవిడ ముఖం వికసించింది. తిరిగొస్తూ అడిగితే, మీ పిల్లలు దీన్నే అమ్మ సూపు అనుకుంటారు, మార్చకు అని చెప్పానంది. నేను ఆ రాత్రి హోటలు గదిలో కాస్త ఏడ్చాను. దుఃఖం కాదు, ఆవిడ పక్క మంచం మీద హాయిగా గురక పెడుతుంటే వచ్చిన ఏడుపు.

తిరిగొచ్చాక లిన్ ఆంటీ ఇంకొన్నేళ్ళు హోటలు నడిపింది. ఎవరైనా పొగిడితే ఈసారి, అవును, మా అమ్మ సూపు అని తలెత్తి చెప్పేది. ఒక శీతాకాలం నిద్రలోనే వెళ్ళిపోయింది. నేను వెళ్ళాను, ఆ ఊళ్ళో సగం మంది వచ్చారు.

మా అమ్మ నా కూతురు పుట్టకముందే పోయింది. నేను ఉలవచారు కాచినప్పుడల్లా, ఇంటికొచ్చినవాళ్ళు బాగుందంటే, మా అమ్మ చేసినట్టు కుదర్లేదండీ అనడం నాకు ఊతపదం. మన ఆడవాళ్ళలో ఆ మాట అననివాళ్ళు ఎవరు? వడ్డించే చేత్తోనే తక్కువ చేసి పెట్టడం. ఆదివారం సంత నుంచి వచ్చి ఉలవచారు కాచాను. సాయంత్రం మా అమ్మాయి అన్నంలో పోసుకుని, వెన్న వేసుకుని, రెండు ముద్దలు తిని తలెత్తింది. దానికి తెలుగు అర్థమవుతుంది గానీ మాట్లాడేది ఇంగ్లీషే. అమ్మమ్మ కూడా ఇలాగే చేసేదా అని అడిగింది.

“ఇలాగే చేసేది” అన్నాను. అబద్ధం చెబుతున్నట్టు అనిపించలేదు.